పాట సగంలో ఆపితే

1876 జులై 17న నెబ్రాస్కాలో వార్‌బోనెట్ అనే వాగు దగ్గర ఒక చిన్న పోరు జరిగింది. అమెరికా సైన్యానికి దారి చూపే స్కౌట్‌గా వెళ్ళిన విలియం కోడీ, షయాన్ తెగకు చెందిన యెల్లో హెయిర్ అనే యోధుణ్ణి చంపి, అతని నెత్తిమీది చర్మాన్ని జుట్టుతో సహా కోసి తీసుకున్నాడు. అంతకు మూడు వారాల ముందే లిటిల్ బిగ్‌హార్న్ దగ్గర లకోటా, షయాన్ యోధులు కలిసి కస్టర్ దళాన్ని తుడిచిపెట్టారు. ఇది దానికి ప్రతీకారమని కోడీ చెప్పుకున్నాడు. ఇంతవరకూ యుద్ధాల చరిత్రలో కొత్తేమీ లేదు. కొత్త సంగతి అతని బట్టల్లో ఉంది. ఆ రోజు కోడీ ఒంటిమీద ఉన్నది స్కౌటు దుస్తులు కాదు, నాటకాల్లో వేసుకునే నల్ల వెల్వెట్ డ్రెస్సు. 1872 చివరి నుంచే అతను స్టేజీ మీద తన పాత్ర తానే వేస్తున్నాడు. పోరు జరిగిన ఆ సంవత్సరమే, ఈ చంపడాన్ని నాటకంగా కట్టి ఊరూరా ఆడాడు. ఆ రోజు తొడుక్కున్నవి ఈ బట్టలే అని జనానికి చూపించగలిగాడు.

మామూలుగా యుద్ధం అయిపోయాక ఎవరో దాన్ని నాటకం కడతారు. ఇక్కడ నాటకానికి పనికొచ్చేలా ముస్తాబై యుద్ధానికి వెళ్ళారు.

ఆ కోడీయే తర్వాత బఫెలో బిల్‌గా ప్రపంచమంతా తెలిసినవాడు. 1883లో ఒమాహా పట్నంలో 'బఫెలో బిల్స్ వైల్డ్ వెస్ట్' మొదలుపెట్టి, ముప్ఫై ఏళ్ళు అమెరికా, యూరప్ దేశాలు తిప్పాడు. మనం చూసిన సర్కస్‌ని పదింతలు చేసి ఊహించుకోవచ్చు: వందల మంది మనుషులు, గుర్రాలు, అడవిదున్నలు, తుపాకి గురి తప్పని ఆనీ ఓక్లీ, దాడికి గురయ్యే డెడ్‌వుడ్ బండి. 1887లో విక్టోరియా రాణి సింహాసనమెక్కిన యాభయ్యో ఏడు వేడుకల సమయంలో లండన్‌లో ఆడితే రాణి కూడా చూసింది. పేరులో 'షో' అన్న మాట రాకుండా కోడీ జాగ్రత్తపడేవాడు. ఇది ఆట కాదు, జరిగిన చరిత్ర అని నమ్మించడం అతని వ్యాపారానికి ప్రాణం. అందుకే అతనికి వేషగాళ్ళు సరిపోలేదు. ఇండియన్ పాత్రలకు నిజమైన లకోటాలే కావాలి. కొన్నేళ్ళ కిందటి దాకా సైన్యంతో నిజంగా పోరాడినవాళ్ళయితే మరీ మంచిది.

ఈ వ్యాసంలో నేను అడగాలనుకున్న ప్రశ్న ఇక్కడే ఉంది. ఓడిపోయిన మనిషి తన ఓటమిని తానే, కూలికి, గెలిచినవాళ్ళ ముందు ఆడి చూపిస్తే, అందులో తప్పేమన్నా ఉందా? ఉంటే అది ఎక్కడుంది? ఆడినవాడిలోనా, ఆడించినవాడిలోనా, టికెట్ కొని చప్పట్లు కొట్టినవాడిలోనా?

నేను పుట్టి పెరిగిన చౌటుప్పల్‌లో కూర్చుని ఈ ప్రశ్న ఎందుకు అంటారేమో. మా ఊరి నుంచి విజయవాడ హైవే మీద హైదరాబాదు వైపు అరగంట పోతే రామోజీ ఫిల్మ్ సిటీ వస్తుంది. 1996లో కట్టిన ఆ సిటీలో సందర్శకుల కోసం వైల్డ్ వెస్ట్ స్టంట్ షో ఆడతారు. మా వైపు బడిపిల్లలకు విహారయాత్ర అంటే ఫిల్మ్ సిటీయే. నేనూ బడిలో ఉన్నప్పుడు ఒకసారి, ఉద్యోగంలో చేరాక టీమ్ ఔటింగ్ పేరుతో ఇంకోసారి చూశాను. కౌబాయ్ టోపీలు, తుపాకి మోతలు, పైనుంచి దబ్బున పడే మనుషులు, మధ్యమధ్య కామెడీ. పిల్లలు పడీపడీ నవ్వుతారు. నేనూ నవ్వాను. ఇప్పుడు ఆలోచించినా ఆ నవ్వులో తప్పు పట్టడానికి నాకేమీ కనిపించదు. ఆ టోపీ మన దగ్గరికి వచ్చేసరికి దాని వెనకున్న తగాదా అమెరికాలోనే ఉండిపోయింది. 1971లో ఆరుద్ర రాయగా కె.ఎస్.ఆర్. దాస్ తీసిన 'మోసగాళ్ళకు మోసగాడు'లో కృష్ణ రాజస్థాన్ ఇసుకలో గుర్రమెక్కి తిరిగినా, 1990లో 'కొదమసింహం'లో చిరంజీవి అదే టోపీ పెట్టుకున్నా, మన ప్రేక్షకుల్లో ఎవరి తాత చావూ గుర్తురాలేదు. మనకు కౌబాయ్ ఒక వేషం, అంతే.

వేషం వేషంగానే ఉన్నంతకాలం ఎవరికీ ఏమీ కాదు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో 'కీచకవధ' నాటకంతో సురభి సమాజం మొదలైంది. ఆనాటి నుంచి ఎంతమంది నటులు కీచకుడిగా, రావణుడిగా, కంసుడిగా చచ్చిపోయి ఉంటారో లెక్కలేదు. ఎవరికీ అవమానం జరగలేదు. ఎందుకంటే నాటకమయ్యాక నటుడు రంగు కడుక్కుంటాడు. కడుక్కున్నాక అతను కీచకుడు కాడు. చూడడానికి వచ్చినవాడి పక్కన కూర్చుని చాయ్ తాగొచ్చు.

సరిగ్గా అదే 1885లో, సముద్రానికి అవతల, సిటింగ్ బుల్ బఫెలో బిల్ కంపెనీలో చేరాడు. లకోటాల్లో హుంక్‌పాపా శాఖకు అతను పెద్ద. కస్టర్ ఓటమికి మూలపురుషుడని తెల్లవాళ్ళు భయపడిన మనిషి. వారానికి 50 డాలర్ల జీతం. తన ఫొటోలూ సంతకాలూ అమ్ముకునే హక్కు తనదేనని ఒప్పందంలో రాయించుకున్నాడు. ఈ ఒక్క షరతు చూస్తే, ఎవరో ఆడిస్తే ఆడిన అమాయకుడిలా కనిపించడు. ఉత్తుత్తి యుద్ధాల్లో పాల్గొనలేదు. ఊరేగింపులో గుర్రమెక్కి మైదానం చుట్టూ తిరిగేవాడు, అంతవరకే. అమెరికా పట్నాల్లో కొన్నిచోట్ల జనం కేకలేసి వెక్కిరించారు. కెనడాలో గౌరవించారు. నాలుగు నెలలు తిరిగి ఇంటికి పోయాడు. అతను కూడా రంగు కడుక్కుని ఉంటాడు. కానీ కడుక్కున్నాక కూడా అతను సిటింగ్ బుల్లే. రిజర్వేషన్ దాటి బయటికి రావాలంటే ప్రభుత్వ ఏజెంటు అనుమతి కావాల్సిన మనిషే.

సురభి నటుడికీ అతనికీ ఉన్న తేడా ఇదే. ఒకరికి స్టేజీ దిగితే పాత్ర అయిపోతుంది, రెండోవారికి స్టేజీ దిగినా అవ్వదు.

అలాగని, లకోటాలను ఆడించడం అవమానం, ఆడినవాళ్ళు పాపం బాధితులు అని తేల్చేస్తే సగం సంగతి వదిలేసినట్టే. ఆ రోజుల్లో రిజర్వేషన్‌లో బతుకు ఎలా ఉండేదో చూడాలి. 1883లో అమెరికా ప్రభుత్వం 'ఇండియన్ నేరాల' నిబంధనలు తెచ్చి సూర్యనృత్యంలాంటి పూజలనూ ఆటలనూ నిషేధించింది. తినడానికి సర్కారు ఇచ్చే రేషనే దిక్కు. దున్నలు లేవు, వేట లేదు. ఇంట్లో చేస్తే నేరమైన నాట్యం, బఫెలో బిల్ మైదానంలో చేస్తే జీతమొచ్చే పని. గుర్రమెక్కొచ్చు, ఈకల కిరీటం పెట్టుకోవచ్చు, తమ భాషలో అరవొచ్చు. అప్పట్లో ఈ ప్రదర్శనలను గట్టిగా వ్యతిరేకించిన వాళ్ళలో ఇండియన్ వ్యవహారాల కమిషనర్ థామస్ మోర్గన్ ఒకడు. లకోటాలకు అవమానం జరుగుతోందని అతని బాధ కాదు. వాళ్ళు పాత అలవాట్లు మానుకుని, జుట్టు కత్తిరించుకుని, బుద్ధిగా వ్యవసాయం చేసుకోవాలని అతని కోరిక. అంటే ఆడొద్దన్నవాడి కంటే ఆడమన్నవాడి దగ్గరే వాళ్ళకు కాస్త ఊపిరి ఆడింది. ఈ మెలిక వదిలేసి తీర్పు చెబితే నీతి తేలికవుతుంది గానీ నిజం కాదు.

1890 డిసెంబరు 15న, అరెస్టు చెయ్యడానికి వచ్చిన ఇండియన్ పోలీసుల చేతిలోనే సిటింగ్ బుల్ చనిపోయాడు. రెండు వారాలకు, డిసెంబరు 29న, వూండెడ్ నీ దగ్గర సైన్యం లకోటాలను ఆడా మగా పిల్లాజెల్లా తేడా లేకుండా కాల్చింది. ఆ కాలంలో గోస్ట్ డాన్స్ ఉద్యమం నడిపారని కొందరిని బందీలుగా పట్టుకుని ఫోర్ట్ షెరిడన్‌లో పెట్టారు. 1891లో వాళ్ళలో ఇరవై మందికి పైగా బఫెలో బిల్ కంపెనీతో యూరప్‌కి బయల్దేరారు. కికింగ్ బేర్, షార్ట్ బుల్ లాంటి ముఖ్యులు అందులో ఉన్నారు. జైలా, యూరపా అని అడిగితే ఎవరైనా యూరపే అంటారు. దాన్ని ఎంపిక అనాలో వద్దో తెలుగులో కూడా నాకు సరైన మాట దొరకలేదు.

మరి తప్పు ఎక్కడుంది? చాలా రోజులు ఆలోచించాక నాకు తట్టింది, ప్రదర్శనలో ఆఖరి అంకం దగ్గర. చాలా ఏళ్ళపాటు బఫెలో బిల్ ఆటకు ముగింపు ఒకటే. మైదానం మధ్యలో ఒక చెక్క ఇల్లు ఉంటుంది. అందులో తెల్లజాతి కుటుంబం. ఇండియన్లు వచ్చి దాడి చేస్తారు. చివరి నిమిషంలో బఫెలో బిల్, కౌబాయ్‌లు వచ్చి వాళ్ళను తరిమి ఇల్లు కాపాడతారు. జనం లేచి నిలబడి చప్పట్లు. ఆ ఇల్లు ఎవరి నేల మీద కట్టారన్నది ఆటలో ఎక్కడా రాదు. నేల పోగొట్టుకున్నవాళ్ళు ప్రతి రాత్రీ దాడి చేసేవాళ్ళు, నేల తీసుకున్నవాళ్ళు ప్రతి రాత్రీ ఇల్లు కాపాడుకునేవాళ్ళు. కూలి నిజం, గుర్రం నిజం, ఈకలు నిజం. అన్నీ నిజమైనవే తెచ్చి, వాటితో ఒక్క అబద్ధాన్ని నమ్మించారు. ఆ అబద్ధానికి సాక్షి సంతకం మాత్రం ఓడినవాళ్ళ చేతే పెట్టించారు.

మన దగ్గర 'పొలిమేర' అనే మాట ఉంది. రెండు ఊళ్ళవాళ్ళకూ తెలిసిన గీత అది. తప్పు జరిగితే రెండు ఊళ్ళ పెద్దలూ అక్కడికి వచ్చి మాట్లాడుకోవచ్చు. అమెరికావాళ్ళ ఫ్రాంటియర్ అలాంటిది కాదు. దాన్ని గీసింది ఒక పక్షమే. ఏటేటా ముందుకు జరిపిందీ వాళ్ళే. అవతలివాళ్ళు ఎదురొస్తే దాడి అన్నారు. 1893లో షికాగో ప్రపంచ ప్రదర్శన గోడ పక్కనే బఫెలో బిల్ తన డేరాలు వేస్తే, అదే వేసవిలో అదే పట్నంలో ఫ్రెడరిక్ జాక్సన్ టర్నర్ అనే చరిత్రకారుడు ఫ్రాంటియర్ దశ ముగిసిందనీ, అమెరికా స్వభావాన్ని తయారుచేసింది అదేననీ ఒక వ్యాసం చదివాడు. ఒకరిది డేరా, ఒకరిది పండితసభ. రెండు చోట్లా కథ చెప్పింది గీత గీసినవాళ్ళే.

ఇలాంటి సందర్భం మన నల్లగొండకూ వచ్చింది, తలకిందులుగా. తెలంగాణ సాయుధ పోరాటం సాగుతుండగానే, 1947లో సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు 'మా భూమి' నాటకం రాశారు. ప్రజానాట్యమండలి దళాలు దాన్ని కోస్తా ఊళ్ళలో ఆడాయి. జరుగుతున్న పోరును జరుగుతుండగానే ఆడడంలో అది కోడీ పనికి దగ్గరే. కానీ అక్కడ మద్రాసు ప్రభుత్వం ఆ నాటకాన్ని నిషేధించాల్సి వచ్చింది. బఫెలో బిల్‌కి రాణులు చప్పట్లు కొట్టారు, 'మా భూమి'కి నిషేధం వచ్చింది. ఏ ఆట ఎవరి ముగింపును చెబుతుందో ప్రభుత్వాలకు మనకంటే ముందే తెలుస్తుంది.

ఇదంతా పుస్తకాల సంగతి. నాకు ఈ ముగింపు గొడవ నిజంగా అర్థమైంది మాత్రం ఒక ఆఫీసు గేటు దగ్గర.

నేను పనిచేసిన ఒక కంపెనీలో ఏటా ఒక రోజు 'తెలంగాణ సంస్కృతి' పేరుతో జరిపేవాళ్ళు. బోనాలు, పోతరాజులు, సకినాలు, సర్వపిండి. ముఖ్య అతిథిని గేటు దగ్గర నుంచి హాలు దాకా తీసుకురావడానికి లంబాడీ ఆడవాళ్ళ నాట్యం. మా చౌటుప్పల్ పక్కనే సంస్థాన్ నారాయణపురం. ఆ మండలం నిండా తండాలు. మా టీములో ఒక తమ్ముడిది ఆ తండాల్లో ఒకటి. సంస్కృతి రోజు కమిటీలో వాడూ ఉన్నాడు. "అన్నా, మా మేనత్తోళ్ళ టీము ఉన్నది, పిలుస్త" అన్నాడు. నాకు లోపల కొంచెం ఇబ్బందిగా అనిపించి, "ఏమనుకోరా మరి, సార్లు వస్తే ఎదురుంగ ఆడుడంటే?" అని అడిగాను. వాడు నన్ను వింతగా చూశాడు. "ఏమనుకుంటరన్నా, రెండు రోజుల కూలి ఒక్క పూటల వస్తది. ఎండల పత్తి ఏరేకంటే నయం గాదా?"

సిటింగ్ బుల్ ఒప్పందం గురించి నేను చదివిన పేజీలన్నిటికంటే ఈ జవాబు సూటిగా ఉంది. సొంత వేషాన్ని కూలికి ఆడడం అవమానమని అనుకునే తీరిక కడుపు నిండినవాళ్ళకే ఎక్కువ.

ఆ రోజు పొద్దున తొమ్మిదింటికే పది మంది ఆడవాళ్ళు అద్దాల బట్టల్లో గేటు దగ్గర నిలబడ్డారు. అతిథి పదకొండున్నరకి వచ్చాడు. కారు కనపడగానే ఎవరో చెయ్యి ఊపారు, పాట మొదలైంది. ఆయన దిగాడు, రెండు ఫొటోలు, ఒక నమస్కారం, లోపలికి. ఆయన గుమ్మం దాటగానే ఇందాక చెయ్యి ఊపిన మనిషే మళ్ళీ ఊపాడు. పాట ఆగింది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆ తమ్ముడు మేనత్తను పరిచయం చేశాడు. పైసలు సరిగ్గా ఇచ్చారా అని అడిగాను. "పైసలు మంచిగనే ఇచ్చిండ్రు కొడుకా" అన్నది. కాసేపు ఆగి, "గని ఇన్నేండ్లల్ల మా పాట ఒక్కపారి గూడ ఎవ్వలు పూర్తిగ వినలే. సారు కారు దిగి లోపటికి పోంగనే చాలు చాలంటరు. పాటల అసలు ముచ్చట ఆఖరుకుంటది" అన్నది. కోపంగా కాదు, ఉప్పు తక్కువైందని చెప్పినట్టు.

వూండెడ్ నీ తర్వాతి బందీలనూ, జీతం తీసుకుని సాయంత్రం బస్సెక్కి ఇంటికి పోయిన ఆమెనూ ఒకే తక్కెట్లో పెట్టడం నా ఉద్దేశం కాదు. అలా పెడితే ఇద్దరికీ అన్యాయం. కానీ రెండు చోట్లా అడగాల్సిన ప్రశ్న ఒకటే. ఆట ఎక్కడ మొదలవ్వాలి, ఎక్కడ ఆగాలి అన్నది ఎవరి చేతిలో ఉంది? ఆమె బట్టలు మాకు కావాలి, అడుగులు కావాలి, మొదటి రెండు చరణాలు కావాలి. ఆఖరి ముచ్చట అక్కర్లేదు. బఫెలో బిల్‌కి ఆ ముచ్చట అసలు ఇష్టం లేదు, అందుకే మార్చేశాడు. మా ఆఫీసుకు ఇష్టాయిష్టాలు కూడా లేవు, టైమ్ లేదు. మార్చడం ఒక రకం అన్యాయమైతే, వినకపోవడం ఇంకో రకం. రెండోదాంట్లో ఎవరూ దుర్మార్గులు కానక్కర్లేదు. అందుకే అది ఇంకా ఎక్కువకాలం సాగుతుంది.

ఒక అభ్యంతరం ఊహించగలను. ఏ కళాకారుడికి మాత్రం ముగింపు మీద హక్కుంది? సినిమాలో ఫైటర్‌కి లేదు, పెళ్ళిలో సన్నాయి వాయించేవాళ్ళకూ లేదు, గట్టిమేళం అనగానే రాగం వదిలేసి అందుకోవాలి. నిజమే. కానీ సన్నాయి వాయించేవాళ్ళకు అదే రాగం ఆపకుండా వాయించుకునే కచేరీ వేరే చోట ఉంటుంది. ఫైటర్ ఆ దెబ్బలు తన జాతి పేరు మీద తినడు. తమ పేరు మీద, తమ బట్టల్లో, తమ పూర్వీకుల కథను ఆడమన్నప్పుడు, ఆ కథ మొత్తం చెప్పుకునే చోటు వాళ్ళకు ఇంకెక్కడా లేనప్పుడు లెక్క మారుతుంది. మనం కొనుక్కున్నది వాళ్ళ పూట కూలి. కథను కాదు.

ముగింపును తిరిగి చేతుల్లోకి తీసుకున్నవాళ్ళూ ఉన్నారు. లూథర్ స్టాండింగ్ బేర్ అనే లకోటా, 1902లో బఫెలో బిల్‌తో ఇంగ్లండు వెళ్ళినవాడు, 1928లో తన జనం గురించి తానే పుస్తకం రాశాడు. అందులో చెక్క ఇంటి మీద దాడితో కథ అయిపోదు. బఫెలో బిల్ మాత్రం చివరిదాకా పాత ముగింపునే పట్టుకున్నాడు. 1913లో అప్పులపాలయ్యాక, సైన్యాధికారులను కూడగట్టుకుని, వూండెడ్ నీ కాల్పులను సినిమాగా తీశాడు, లకోటాలతోనే, అదే నేల మీద. ఆ సినిమా ఇవాళ తునకలు తప్ప మిగల్లేదు. స్టాండింగ్ బేర్ పుస్తకం ఇప్పటికీ అచ్చులో ఉంది.

అందుకని నాకు అనిపించేదేమంటే, ఇలాంటి ప్రదర్శనల్లో ఆడినవాళ్ళను నిలదీసే పని మనది కాదు. వాళ్ళ లెక్కలు వాళ్ళకు తెలుసు, 50 డాలర్లయినా రెండు రోజుల కూలయినా. ఆడొద్దని చెప్పే పెద్దరికం కూడా మనకు తగదు, అది మోర్గన్ దొర పని. ప్రేక్షకుడిగా నా వాటాకు వచ్చే బాధ్యత చాలా చిన్నది. చెయ్యి ఊపేవాడు ఊపగానే నేనూ హాల్లోకి నడవకుండా ఉండడం. ఆమె పాట ఎంత సేపుంటుందని అడిగాను. "పావుగంట" అన్నది. అంతసేపు ఎండలో నిలబడితే మా ఆఫీసులో ఎవరమూ కరిగిపోం. ఆ పాట భాష నాకు రాదు, ఆఖరుకు ఏ ముచ్చట ఉందో తెలియదు. అందులో మాకు నచ్చనిది కూడా ఉండొచ్చు. ఉంటే అదీ వినాల్సిందే.